రేపు సూడు

కుక్కర్ గాస్కెట్ పోయి ఇరవై రెండు రోజులైంది. ఇరవై రెండు రోజులూ సుకన్య పొద్దున్నే గుర్తుచేసింది. ఇరవై రెండు రోజులూ మల్లికార్జున్ "రేపు సూడు" అన్నాడు. ధర్పల్లిలో పుట్టి, బోధన్ షుగర్ ఫ్యాక్టరీ డిస్టిలరీలో ముప్పై ఏళ్లు కెమిస్టుగా చేసిన మనిషాయన. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ శుభ్రంగా "చూడు" అనేవాడు. అలసిపోయినప్పుడు మాత్రం పుట్టినూరి "సూడు" పైకొచ్చేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన అలసిపోని పూటంటూ లేదు కనుక ఇప్పుడు ఎప్పుడూ సూడే.

ఇరవై మూడోనాడు, నవంబరు చలిలో, ఇక తప్పదని లేచాడు. తొమ్మిది గంటల బస్సుకు బోధన్ నుంచి నిజామాబాద్ పోవడం, గాంధీచౌక్‌లో గాస్కెట్ కొనడం, కళ్లద్దాలకు ఊడిన మర బిగించుకోవడం, ఒంటిగంటకు ఇంటికొచ్చి తిని పడుకోవడం. పథకం ఇంతే. ఇందులో చివరి అంశం మీదే ఆయనకు మక్కువ.

"ఒంటిగంటకల్ల రా. చింతచిగురు పప్పు చేస్త," అంది సుకన్య.

"చెయ్యి. పోయిన వారం చేసింది ఇంకా నాలుక మీదనే ఉన్నది," అన్నాడు మల్లికార్జున్.

అది అబద్ధం. పోయిన వారం పప్పే కాదు, నాలుగేళ్లుగా ఏదీ ఆయన నాలుక మీద లేదు. నాలుగేళ్ల కిందట ఒక జ్వరం ఇరవై రోజులు పట్టుకుని, పోతూ పోతూ రుచీ వాసనా రెండూ పట్టుకుపోయింది. డాక్టరు అవే వస్తాయన్నాడు. రాలేదు. జ్వరం జారిన రోజు సుకన్య గంజి కాచి, గిన్నె నోటికందించి, "రుచి తెలుస్తున్నదా?" అని అడిగింది. ఇరవై రోజులు కన్నంటుకోని ముఖం ఆమెది. దాన్ని చూసి ఆయన "మస్తున్నది" అన్నాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత నిజం చెప్పే సందు దొరకలేదు. రోజుకు రెండు పూటల చొప్పున అబద్ధం పెరుగుతూ వచ్చింది. చెబితే ఇన్నేళ్ల మెచ్చుకోళ్లన్నీ ఉత్తవేనని తేలిపోతుంది. అందుకే ప్రపంచంలో ఎవరికి తెలిసినా పరవాలేదు గానీ సుకన్యకు తెలియకూడదని ఆయన పట్టుదల.

బాధ ఇంకోటి కూడా ఉంది. ఒకప్పుడు ఫ్యాక్టరీలో ఆయన్ని నాలుక సారు అనేవారు. ల్యాబ్ రిపోర్టు వచ్చేలోగానే ముక్కు పెట్టి, ఈ స్పిరిట్ ఏ తొట్టిదో చెప్పేవాడు. ఇప్పుడాయనకు మల్లెపూలూ కిరసనాయిలూ ఒకటే. అది తలుచుకున్నప్పుడల్లా ఏడుపొస్తుంది. ఏడిస్తే ఎందుకని సుకన్య అడుగుతుంది కనుక అదీ మానుకున్నాడు.

సరిగ్గా చెప్పులేసుకునే వేళకు ఫోన్ మోగింది. సుకన్య తీసి స్పీకర్ పెట్టింది.

"సార్, నేను లింబాద్రిని. మా బాపు మీ ఫ్యాక్టరీకి చెరుకు తోలెటోడు. నేనిప్పుడు నిజామాబాద్‌ల వర్ని రోడ్డు మీద బార్ నడిపిస్తున్న. హైదరాబాద్ కెల్లి ఒకాయన టెకీలా అని తెచ్చిండు. మెక్సికో మందు. కట్టె పీపలల్ల ఏండ్లకేండ్లు పెడ్తరట. మంచిదో కాదో నాకేం సమజైతది. మీరొచ్చి జర రుచి సూసి చెప్పుండ్రి. గంట పని."

"నేను అవన్ని బంద్ జేసిన లింబాద్రి," అన్నాడు మల్లికార్జున్.

"తాగుడు కాదు సార్, పుక్కిలించి ఉమ్మేసుడే. మీ నాలుకసొంటి నాలుక జిల్లల లేదని మా బాపు ఇప్పటికీ చెప్తడు."

సుకన్య ముఖం వెలిగిపోయింది. చాలా ఏళ్ల తర్వాత తన భర్తను ఎవరో ఒక పనికి పిలుస్తున్నారు. "గంతగనం అడుగుతుండు, పోరాదు? నేను గూడ వస్త. నాకు టికెట్ ఎట్లనో లేదు," అని ఆధార్ కార్డు వెతుక్కోవడానికి లోపలికి పోయింది. ఆడవాళ్లకు బస్సు ఉచితమైనప్పటి నుంచి సుకన్య పోని ఊరు లేదు.

పగలు పదకొండింటికి బారంత నీరసమైన చోటు ఇంకోటి ఉండదు. కుర్చీలు బల్లల మీద తలకిందులుగా పడుకుని ఉన్నాయి. లైట్లు సగం ఆరి ఉన్నాయి. సుకన్యను ఫ్యామిలీ సెక్షన్ అని రాసిన ప్లైవుడ్ గదిలో కూర్చోబెట్టి లింబాద్రి నిమ్మకాయ సోడా ఇచ్చాడు. ఆ ప్లైవుడ్‌కు ఇవతల తుమ్మితే అవతల వినిపిస్తుంది.

హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మకాల మనిషి పేరు భానుప్రసాద్. మెడలో టై ఉంది, చేతిలో నల్లబ్యాగు ఉంది. లింబాద్రి ఆయన కన్నా ముందే అందుకుని, "మన చేను గట్ల మీద కిత్తనార ఉంటది గద సార్, గసొంటి శెట్టు గడ్డను కాల్చి తీస్తరట," అని ఆ మందును పరిచయం చేశాడు. భానుప్రసాద్ బ్యాగులోంచి మూడు సాంపిల్ సీసాలు తీసి, రంగు కనబడకుండా మూడు స్టీలు గ్లాసుల్లో పోశాడు. "వీటిలో ఒకటి పచ్చి సరుకు సార్. ఒకటి కొన్ని నెలలు పీపాలో పెట్టింది. ఒకటి ఏడాది దాటింది. ఏది ఏదో మీరు చెప్పాలి."

మల్లికార్జున్ మొదటి గ్లాసు ఎత్తాడు. పాత అలవాటు కొద్దీ తిప్పాడు, ముక్కు దగ్గర పెట్టాడు. గోడకు ముక్కు ఆనించినట్టుంది. ఒక గుక్క పుక్కిలించి ఉమ్మాడు. గొంతు కొంచెం మండింది, అంతకు మించి కబురు లేదు. విసుగులో నిజమే బయటికొచ్చింది.

"దీంట్ల ఏం లేదు."

భానుప్రసాద్ కళ్లు పెద్దవయ్యాయి. "కరెక్ట్ సార్. దీన్ని బ్లాంకో అంటారు. పీపా ముఖం చూడని సరుకు. దీంట్లో నిజంగానే ఏం లేదు."

మల్లికార్జున్ గ్లాసు దించాడు. ఒకసారి గుడ్డిగా తగిలింది, రెండోసారి తగలదు. ఇక్కడి నుంచి మర్యాదగా బయటపడాలి. రెండో గ్లాసు వాసన చూసినట్టు చేసి బల్ల మీద పెట్టేసి, లింబాద్రి వైపు తిరిగి, ఇరవై రెండు రోజులు గాస్కెట్‌కు చెప్పిన మాటే చెప్పాడు.

"రేపు సూడు."

భానుప్రసాద్ కుర్చీలోంచి సగం లేచాడు. "రెపొసాడో. అవును సార్. రెండు నెలల నుంచి ఏడాది లోపు పీపాలో ఉన్నదాన్ని రెపొసాడో అంటారు. ఉత్త వాసనకే పేరుతో సహా చెప్పేశారు."

మల్లికార్జున్ ఆయన వైపు చూశాడు. నేనన్నది అది కాదు నాయనా అనే మాట పళ్ల దాకా వచ్చింది. అప్పుడే ప్లైవుడ్ వెనక సోడా గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. సుకన్య వింటోంది. మాట మింగేశాడు.

లింబాద్రి ఉత్సాహం పట్టలేక మూడో గ్లాసును నిండుగా నింపి మల్లికార్జున్ నోటి దాకా తెచ్చాడు. వయసులో చిన్నవాడే గానీ ఈ జిల్లాలో ఎదుటి మనిషి మీద విసుగొస్తే ఎవరైనా అన్నే అవుతాడు. మల్లికార్జున్ గ్లాసును చేత్తో నెట్టేస్తూ, "అన్నా, ఏహె," అన్నాడు.

"అన్యేహో," అని భానుప్రసాద్ ఈసారి పూర్తిగా లేచి నిలబడ్డాడు. "ఏడాది దాటిన సరుకును అన్యేహో అనే అంటారు. సార్ దాన్ని ముట్టుకోను కూడా లేదు."

ఇదంతా లింబాద్రి ఒక చేత్తో ఫోన్‌లో వీడియో తీస్తూనే ఉన్నాడు. అది ఎన్ని గ్రూపుల్లోకి పోయిందో ఆయనకే తెలియదు. సుకన్య గదిలోంచి వచ్చి, ఇంట్లో అలవాటు కొద్దీ బల్ల మీది గ్లాసులు సర్దబోయి, మూడో గ్లాసును ఒక్క క్షణం ముఖం దగ్గరికి తెచ్చుకుని పక్కన పెట్టింది. మగవాళ్లు ముగ్గురూ ఫోన్ చూస్తున్నారు.

"మల్ల రేపు డిచ్‌పల్లి ఫంక్షన్ హాల్ల గిదే పరీక్ష పెడ్తున్న సార్," అన్నాడు లింబాద్రి. "ఇయ్యాల రాత్రికి మాల్ దిగుతది. మా దోస్తులు ఆరుగురు బార్లోళ్లు వస్తరు. మీరు మంచిదంటే అందరం కలిసి ఏడాదికి సరిపడ తీసుకుంటం."

"రేపా?"

"మీరే అన్నరు గద సార్, రేపు సూడు అని. పేరుకు పేరాయె, టైముకు టైమాయె."

గాస్కెట్ కొనడానికి పోతే దుకాణం మనిషి వీడియో చూసి ఉన్నాడు. గాస్కెట్ సంగతి వదిలేసి లోపలి నుంచి నెయ్యి డబ్బా తెచ్చి కల్తీనో కాదో చెప్పమన్నాడు. మల్లికార్జున్ "రేపు సూడు" అని తప్పించుకుంటే, అదేదో మంచి రకం పేరనుకుని దణ్ణం పెట్టాడు. బస్సులో కండక్టర్ తేనె సీసా పట్టుకొచ్చాడు. జానకంపేట దాటేసరికి ఇంకొకాయన బెల్లం ముక్క చేతిలో పెట్టాడు. మల్లికార్జున్ అందరికీ ఒకే మాట చెప్పాడు, అందరూ తల పంకించారు. ఇంటికొచ్చాక చూసుకుంటే గాస్కెట్ లేదు, అద్దాల మర అలాగే ఉంది.

"చింతచిగురు ఎట్లున్నది?" అని అడిగింది సుకన్య, రెండోసారి పప్పు వేస్తూ.

"లేత చిగురు. పులుపు నాలుకను గుంజుతున్నది," అన్నాడు మల్లికార్జున్.

సుకన్య ఆయన ముఖంలోకి కాసేపు చూసి ఇంకో గరిటె వేసింది.

మర్నాడు ఆమె పట్టుచీర కట్టింది. ఆయన తెల్లచొక్కాకు ఇస్త్రీ చేసి ఇచ్చింది. బస్సులో పక్కన కూర్చుని అద్దంలోంచి బయటికి చూస్తూ తనలో తాను నవ్వుకుంటోంది. మల్లికార్జున్‌కు ప్రాణం ఉసూరుమంది. ఆరుగురు తన మాట నమ్మి సరుకు దించుకోబోతున్నారు. ముప్పై ఏళ్లలో ఒక్క తప్పుడు రిపోర్టు మీద సంతకం చేయని చెయ్యి తనది. ఇక చెప్పేద్దామని నోరు తెరిచాడు.

"సుకన్యా, ఒక్క మాట."

"ఏంది?"

ఆమె కళ్లలో ఆ వెలుగు చూశాక మాట దారి మళ్లింది. "గాస్కెట్ ఇయ్యాల పక్కా తెస్త," అన్నాడు.

ఫంక్షన్ హాల్లో ఆరుగురు బార్ల యజమానులు సోఫాల్లో కూర్చుని ఉన్నారు. సుకన్యకు వాళ్ల వెనక కుర్చీ వేశారు. అందరిలో పెద్దాయన రాజేశ్వర్. నలభై ఏళ్లుగా ఇదే వ్యాపారం, పెళ్లాం మాట కూడా సాక్ష్యం లేనిదే నమ్మడని పేరు. ఆయన జేబులోంచి దస్తీ తీశాడు.

"సార్, ఏమనుకోవద్దు. స్టీలు గ్లాసుల గూడ పై నుంచి రంగు కనవడ్తది. కండ్లకు కట్టుకోండ్రి."

మల్లికార్జున్ కట్టించుకున్నాడు. నోటికి రుచి లేదు, ముక్కుకు వాసన లేదు, ఇప్పుడు కళ్లకు చూపూ లేదు. మిగిలినవి చెవులు. వాటితో టెకీలా తెలియదు. ఎందుకొచ్చిన బతుకురా అనిపించింది గానీ అనుకోవడానికి కూడా ఓపిక లేదు.

మొదటి గ్లాసు చేతిలో పెట్టారు. పుక్కిలించాడు, ఉమ్మాడు. నిన్న పనికొచ్చిన మాటే ఇవాళా అన్నాడు.

"దీంట్ల ఏం లేదు."

భానుప్రసాద్ దగ్గాడు. "సార్, అది అన్యేహో. రాత్రి దిగిన సరుకు. ఏడాదిన్నర పీపాలో ఉంది."

సోఫాలు కిర్రుమన్నాయి. రాజేశ్వర్ రెండో గ్లాసు అందించాడు. మల్లికార్జున్ ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. గొంతు గట్టిగా మండింది. ఇక మిగిలిన మాట ఒక్కటే.

"రేపు సూడు."

"రేపెందుకు సార్, ఇప్పుడే చెప్త," అన్నాడు రాజేశ్వర్ మెల్లగా. "గది నా బార్ల అడ్డకూలీలు తాగే చీప్ లిక్కర్. మెక్సికో కాదు, మన మంజీర ఒడ్డుదే. నేనే పోసి పెట్టిన."

దస్తీ లోపల మల్లికార్జున్ కళ్లు మూసుకున్నాడు. అయిపోయింది. ఆశ్చర్యంగా, కొంచెం తేలిగ్గా కూడా ఉంది. ఇక నిజం చెప్పేసి ఇంటికి పోయి పడుకోవచ్చు. "లింబాద్రి, అసలు సంగతి ఏందంటే," అని మొదలుపెట్టాడు.

గాజుల చప్పుడైంది. "జర జరుగుండ్రి," అంది సుకన్య.

ఆమె రెండో గ్లాసు తీసి ఒక్కసారి వాసన చూసింది. "గిది చెరుకు. మొలాసెస్ పొంగినప్పటి వాసన. ముప్పై ఏండ్లు గీయన అంగీలు ఉతికిన, ఏ రోజు ఏ తొట్టి కాడ నిలవడ్డడో అంగీ జెప్పేది. నాకు తెల్వదా. మీరు నకిలీది పోసి పరాచకమాడితిరి, గీయన గూడ పరాచకమే ఆడిండు. పరీక్ష ఇయ్యాల వెట్టుండ్రి, జవాబు రేపు సూడుండ్రి అని."

రాజేశ్వర్ తాను పోసిన గ్లాసును ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

సుకన్య మొదటి గ్లాసు తీసింది. "నిన్న బార్ల మూడో గ్లాసు ఉండె గద. దాంట్ల కందగడ్డ నిప్పులల్ల కాల్చిన వాసన, దానెనక కొత్త తలుపు చెక్క వాసన ఉండె. గిండ్ల గవి లెవ్వు. గిది నేను కస్టర్డ్‌ల ఏసే ఎసెన్సు. పీప లేదు, ఏండ్లు లెవ్వు. సారు ఏమన్నడు? దీంట్ల ఏం లేదన్నడు. లేదు గద మల్ల."

లింబాద్రి ఒక్క ఉదుటున భానుప్రసాద్ నల్లబ్యాగులోంచి నిన్నటి సాంపిల్ సీసా బయటికి లాగాడు. ఆరు ముక్కులు ఆ సీసా మీదా ఈ గ్లాసు మీదా వంతులవారీగా వాలాయి. తేడా పసిపిల్లలకు కూడా తెలిసేలా ఉంది. భానుప్రసాద్ టై వదులు చేసుకుని, "గోడౌన్లో ఏదో పొరపాటు జరిగినట్టుంది," అంటూ మంచినీళ్లడిగాడు. ఎవరూ లేవలేదు.

లింబాద్రి రెండు చేతులూ జోడించాడు. "నేనే సమజ్ చేసుకోలే సార్. మీరు నిన్ననే అంటిరి. సాంపిల్ సూసి మోసపోకురా, మాల్ దిగినంక రేపు సూడు అని."

రాజేశ్వర్ స్వయంగా వచ్చి దస్తీ విప్పాడు. నలభై ఏళ్లలో ఆయన మొదటిసారి నమ్మాడు, అదీ తప్పు మనిషిని. శాలువా తెచ్చి మల్లికార్జున్‌కు కప్పారు. సుకన్యకు మళ్లీ నిమ్మకాయ సోడా ఇచ్చారు.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. శాలువా మడతపెట్టి ఒళ్లో పెట్టుకుని మల్లికార్జున్ చివరికి అడిగాడు.

"ఎప్పటిసంది తెలుసు నీకు?"

"గంజి తాగిన నాటి సంది. ఆ గాబరల నేను ఉప్పెయ్య మర్సిన. నువ్వు మస్తున్నది అంటివి."

"మరి అడగకపోతివి?"

"నువ్వే జెప్తవని సూసిన. నాలుగేండ్లు సూసిన."

ఆయనకు సిగ్గేసింది. నాలుగేళ్లు ఆమె ముందు వేషం కట్టి, అది ఎవరికీ తెలియదనుకున్నాడు, చూసేవాళ్లకు అది వేషమని మొదటి రోజే తెలుసు. ఈసారి ఏడిచినా ఎందుకని ఎవరూ అడగరు కనుక కాస్త ఏడ్చాడు. సుకన్య కొంగు అందించింది.

"అయినా నిన్నటి చింతచిగురు పప్పు మంచిగనే ఉండెనేమో," అన్నాడు తుడుచుకుంటూ.

"కార్తీకంల చింతచిగురు యాడ దొరుకుతదయ్యా?"

మల్లికార్జున్ కొంగు వదిలేశాడు. "మరి నిన్నటిది?"

"పాలకూర."

"సోమవారం గంగవాయిలి కూర?"

"పాలకూర."

"దసరకు చేసిన తోటకూర పప్పు?"

"గది గూడ పాలకూరనే. రోజుకొక పేరు వెట్టుకుంట వస్తున్న. నువ్వు పేరును మెచ్చుకుంటుంటివి, కూర ఏదైతే ఏంది," అని సుకన్య బయటికి చూసింది. అటు చూస్తూనే మెల్లగా, "నీ నోటికి రుచి పోయినంక నాకు వండబుద్ధి కాలె," అంది.

మల్లికార్జున్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. బస్సు బోధన్ చేరేదాకా వదల్లేదు. ఫ్యాక్టరీ క్వార్టర్‌లో ఇంటి తలుపు తీశాక గానీ గాస్కెట్ గుర్తుకు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని ముద్ద కలిపాడు. నోట్లో పెట్టుకుని నమిలాడు. మెచ్చుకోబోయి ఆగి, నాలుగేళ్లలో మొదటిసారి నిజాయితీగా అడిగాడు.

"ఇయ్యాల ఏం పప్పు?"

సుకన్య గాస్కెట్ లేని కుక్కర్ వైపు ఒకసారి చూసి, "రేపు సూడు," అంది.